యాళికి ఎన్ని పాయింట్లు?



రేణిగుంటలో సాయంత్రం బడి వదిలే వేళకు ఏ పుస్తకాల అంగడి ముందైనా కాసేపు నిలబడి చూడండి. పెన్నుకో నోటుబుక్కుకో వచ్చే పిల్లలకంటే, గుమ్మం పైన దండగా వేలాడేసిన మెరుపు పొట్లాల కోసం వచ్చే పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. పది రూపాయలిస్తే ఒక పొట్లం. చించితే లోపల నాలుగైదు కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక్కో వింత జీవి. తోక కొనకు నిప్పంటుకున్న బల్లి, వీపు మీద మొగ్గ మొలిచిన కప్పలాంటిది, బుగ్గల్లో కరెంటు దాచుకున్న పసుపు రంగు ఎలుక. వీటన్నిటికీ కలిపి పోకెమాన్ అని పేరు. పొట్లం చించిన మరుక్షణమే అక్కడే, ఆ మెట్ల మీదే ఆట మొదలవుతుంది.

"నీది ఎంతుండాదిరా?"

"నూట ఇరవై."

"నాది మూడొందల ముప్పై. ఇచ్చెయ్ ఇంక."

అంతే, ఆట ముగిసింది. కార్డు చెయ్యి మారింది. ఓడినవాడు ఇంటికి పోయి ఇంకో పది రూపాయలకు అమ్మ కొంగు పట్టుకుంటాడు.

ఈ కార్డుల గురించి పెద్దవాళ్ళకు ఉన్న ఫిర్యాదులు నాకు తెలుసు. డబ్బు దండగ, చదువు పాడు, పేకాటకు ఇది తొలిమెట్టు. నా ఫిర్యాదు వేరు. పిల్లలు ఆ కార్డును సగమే చదువుతున్నారు. పై మూలన ఉన్న పెద్ద అంకె చూసి పక్కన పెట్టేస్తున్నారు. అసలు విషయమంతా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రేడియోలో బొమ్మ చూపించలేను గనక ఒక కార్డును చదివి వినిపిస్తాను. 1999లో ఇంగ్లిషులో వచ్చిన మొదటి సెట్టులోది. జీవి పేరు చారిజార్డ్. రెక్కలున్న, నిప్పు కక్కే బల్లి. పై మూలన హెచ్‌పీ 120 అని ఉంటుంది, అంటే అంత దెబ్బ తగిలేదాకా ఇది పడిపోదు. బొమ్మ కింద పొడవు అయిదడుగుల ఏడంగుళాలు, బరువు రెండు వందల పౌండ్లు అని రాసుంటుంది. లేని జంతువుకు కొలతలు తీసి రాయడం చూడండి! ఆ కొలతల వల్లే అది ఎక్కడో నిజంగా తిరుగుతోందని పిల్లవాడికి నమ్మకం కుదురుతుంది. దాని దెబ్బ 100. ఆ రోజుల్లో అంత పెద్ద దెబ్బ మరో కార్డుకు అరుదు. అయితే ఆ దెబ్బ కొట్టిన ప్రతిసారీ తన దగ్గరున్న శక్తి కార్డులు రెండు పారేసుకోవాలి. ఇక అట్టడుగున మూడు మాటలు. బలహీనత: నీళ్ళు. తట్టుకునేది: కుస్తీ జాతి దెబ్బలో ముప్పై. వెనక్కి తగ్గాలంటే చెల్లించాల్సింది: మూడు శక్తి కార్డులు.

ఇప్పుడు దాని ఎదుట బ్లాస్టాయిస్ అనే తాబేలును నిలబెట్టండి. దీని హెచ్‌పీ నూరే. దెబ్బ నలభై. పుస్తకాల అంగడి మెట్ల మీద ఇది ఓడిపోయే కార్డు. కానీ ఇది చిమ్మేది నీళ్ళు. నీళ్ళు చారిజార్డ్ బలహీనత గనక నలభై కాస్తా ఎనభై అవుతుంది. రెండు దెబ్బలకు నూట అరవై. నూట ఇరవై బల్లి అక్కడే కూలబడుతుంది. పోనీ తాబేలు గొప్పదా అంటే, దానికి కరెంటంటే చచ్చే భయం. నలభై హెచ్‌పీ ఉన్న పికాచు అనే ఆ చిన్న ఎలుక దాన్ని వణికిస్తుంది. ఆ ఎలుకకేమో కుస్తీ జాతి అంటే హడల్. ఇలా ఒకరికొకరు చిక్కుతూ పోతారు. అన్నిటినీ గెలిచే జీవి అంటూ ఈ సెట్టులో లేదు. లేకుండా చేసినవాళ్ళు బాగా ఆలోచించే చేశారు.

మరి ఆ మూడొందల ముప్పై సంగతేమిటి? అదీ చారిజార్డే. ఇరవై ఏళ్ళ తర్వాత వీమ్యాక్స్ అనే పేరుతో పెంచిన రూపం. ఏళ్ళు గడిచేకొద్దీ కార్డుల మీది అంకెలు పెరుగుతూ వచ్చాయి, మన సినిమా పోస్టర్ల మీద కోట్లు పెరిగినట్టు. కానీ దానికీ ఒక మెలిక పెట్టారు. అసలు ఆటలో ఒక్కొక్కరి దగ్గర అరవై కార్డుల కట్ట ఉంటుంది. ఆట మొదట్లో ఇద్దరూ ఆరేసి కార్డులు బోర్లించి పక్కన పెడతారు. ఎదుటివాడి జీవిని పడగొట్టినప్పుడల్లా అందులోంచి ఒకటి తీసుకుంటారు. ఆరూ ముందు తీసినవాడు గెలిచినట్టు. మామూలు జీవి పడితే ఒక కార్డు పోతుంది. ఈ వీమ్యాక్స్ పడితే ఒకేసారి మూడు. సగం ఆట పోయినట్టే. పెద్దదాన్ని ముందుకు తోసినవాడు ఆ భయంతోనే తోయాలి. మెట్ల మీద "ఇచ్చెయ్ ఇంక" అన్న పిల్లవాడికి ఈ భయం తెలియదు.

తెలియకపోవడం వాళ్ళ తప్పూ కాదు. ఆ పది రూపాయల పొట్లాల్లో సరుకంతా దాదాపు నకిలీయే. అసలు కార్డు రెండు కాగితాల మధ్య నల్లటి పలుచని పొర పెట్టి చేస్తారు. అంచును భూతద్దంలో చూస్తే ఆ నల్ల గీత కనిపిస్తుంది. లైటుకు అడ్డం పెడితే వెలుతురు అంతగా దూరదు. నకిలీది అద్దంలా వెలుగుతుంది. అక్షరాల్లో తప్పులుంటాయి, వెనక నీలం రంగు వెలిసిపోయినట్టుంటుంది. బంగారు రేకు అద్దినవి మరీ మెరుస్తాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఆ పొట్లాల్లో శక్తి కార్డులు వేయరు. అవి లేనిదే ఏ జీవీ దెబ్బ కొట్టలేదు. అంటే ఆట ఆడటానికి పనికిరాని ఆట సామాను అమ్ముతున్నారన్నమాట. పిల్లలు ఉన్నదాంతో తమకు తోచిన ఆట తాము కట్టుకున్నారు. అంకె పెద్దదైతే గెలుపు. లేదంటే నేలమీద కార్డు పెట్టి అరచేత్తో చరిచి తిప్పడం, తిరగబడితే సొంతం. ఒకప్పుడు సిగరెట్టు పెట్టెల అట్టలతో, అగ్గిపెట్టెల బొమ్మలతో వాళ్ళ తాతలు ఆడిందీ కాస్త అటూ ఇటూగా ఇదే.

సిగరెట్టు పెట్టెలంటే గుర్తొచ్చింది. బొమ్మల కార్డులు పోగుచేసే సరదా బాగా పెరిగింది అక్కడే. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో, ఇంగ్లండులో మెత్తటి కాగితం పెట్టెల్లో సిగరెట్లు నలిగిపోకుండా ఒక అట్టముక్క పెట్టేవారు. ఖాళీగా ఎందుకని దానిమీద బొమ్మ వేశారు. పొగ తాగేది తండ్రి, అట్ట ఏరుకునేది కొడుకు. సెట్టు నిండాలంటే తండ్రి ఇంకా తాగాలి! చిప్స్ పొట్లాల్లో ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టినవాళ్ళదీ అదే లెక్క. ఇప్పుడు ముప్పై దాటినవాళ్ళకు ఆ టాజోలు గుర్తుండే ఉంటాయి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులూ గుర్తుంటాయి. మల్లయోధుడి ఎత్తు, బరువు, ఛాతీ, కండ, అన్నీ అంకెలే. అక్కడా పెద్దదే గెలుపు. బలహీనత అనే గడి ఆ కార్డుల మీద లేదు.

పెద్ద అంకె ఒక్కటే చాలని ఆటకు దారి వేసినవాడు లెక్కలు తెలిసినవాడు. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితజ్ఞుడు మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే ఆట చేశాడు. ఎవరి కట్ట వాళ్ళే కూర్చుకోవడం, ఏ ఇద్దరి కట్టలూ ఒకేలా ఉండకపోవడం ఆయన ఆలోచనే. మూడేళ్ళకు, 1996 ఫిబ్రవరిలో జపానులో పోకెమాన్ వీడియో గేము వచ్చింది, అక్టోబరులో కార్డులు వచ్చాయి. గేము వెనకున్న సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివారులో పురుగులు పట్టి పోగుచేసే పిల్లవాడు. పొలాలు, చెరువులు పోయి ఇళ్ళు లేచాక ఆ సరదా తర్వాతి పిల్లలకు దక్కలేదని ఆయనకు దిగులు. మొదట 151 జీవులు. ఇప్పుడు వెయ్యి దాటాయి.

ఇక డబ్బు సంగతి. పికాచు ఇలస్ట్రేటర్ అనే కార్డు 1990ల చివర జపానులో బొమ్మల పోటీల్లో గెలిచినవాళ్ళకు 39 ప్రతులు ఇచ్చారు. అందులో ఒకటి 2021లో 52 లక్షల 75 వేల డాలర్లకు చేతులు మారింది. ఈ కబురు మన ఊరిదాకా వచ్చింది. అందుకే ప్రతి పిల్లవాడూ తన బంగారు రేకు కార్డును ప్లాస్టిక్ కవరులో దాచి, లక్షలొస్తాయని అమ్మకు చెబుతున్నాడు. రావు నాయనా. ఆ మాట మాత్రం పెద్దవాళ్ళు మెల్లగా చెప్పేయాలి.

ఇంతకీ వింత జీవుల్ని ముక్కల మీద వేసి, వాటికి బలాబలాలు కట్టి ఆడుకోవడం జపానువాళ్ళే కనిపెట్టారా? మన రేణిగుంట స్టేషన్లో రైలెక్కి కడప మీదుగా ఎర్రగుంట్లలో దిగండి. అక్కడ నంద్యాల లైను పట్టుకుంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటాక నొస్సం అనే ఊరొస్తుంది. ఆ లైను పడింది 2016లో. కానీ నొస్సం పేరు అంతకు ఎంతో ముందే ముక్కలాట చరిత్రలోకి ఎక్కింది. గంజీఫా ముక్కలు చేసిన ఊరది. గుండ్రటి ముక్కలు, చేత్తో వేసిన బొమ్మలు, పైన లక్క పూత. తెలంగాణలో నిర్మల్‌లోనూ, ఒడిశాలో, మైసూరులో, మహారాష్ట్ర సావంత్‌వాడిలోనూ ఈ ముక్కలు చేసేవారు. రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ అనే ఆయన దేశమంతటి ముక్కలను పరిశీలించి 1982లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణకు పెద్ద పట్టిక రాశాడు.

గంజీఫా మొగలాయిలతో వచ్చిందంటారు. 1527లో బాబరు సింధు పాలకుడు షా హసన్‌కు ఈ ముక్కలు కానుకగా పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్బరు కొలువులో ఆడిన ముక్కల్ని అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో వర్ణించాడు. పన్నెండు రంగులు, రంగుకు పన్నెండు ముక్కలు, మొత్తం 144. ఆ రంగుల పేర్లు వింటే మనకు చుట్టాల పేర్లు విన్నట్టుంటుంది. అశ్వపతి, గజపతి, నరపతి. మన చరిత్రలో ఓరుగంటి నుంచి విజయనగరం దాకా వినిపించే బిరుదులే. ఇంకా ముందుకు పోతే సురపతి అంటే దేవతల రాజు, అసురపతి అంటే రాక్షసుల రాజు, వనపతి అంటే అడవి మృగాల రాజు, అహిపతి అంటే పాముల రాజు. ఇవి పదహారో శతాబ్దపు జీవుల కార్డులు కాక ఇంకేమిటి?

మనవాళ్ళు దాన్ని దశావతారాలకు మార్చుకున్నారు. పది రంగులు, 120 ముక్కలు. ప్రతి రంగుకూ ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మత్స్యానికి చేప గుర్తు, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి. ఇక్కడ నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. సగం రంగుల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా సగం రంగుల్లో ఒకటి పెద్దది, పది చిన్నది! అంకె చూసి "ఇచ్చెయ్ ఇంక" అనడానికి వీల్లేదు. ఏ రంగు ముక్కో చూసుకోవాలి. ఇంకో నియమం: పగలు ఆడితే రాముడి రాజు ముక్క ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఆట మొదలెట్టాలి, రాత్రి ఆడితే కృష్ణుడి ముక్క ఉన్నవాళ్ళు. ప్రొద్దు గుంకిందా లేదా అని ఆకాశం చూసి ఆడే ముక్కలాట! జపాను కార్డుల్లో కూడా ఇలాంటిది నాకు కనిపించలేదు.

ఒడిశాలో పూరీ వైపు చేసే ముక్కల్లో నవగుంజరం ఉంటుంది. సరళాదాసు ఒడియా భారతంలో అర్జునుడికి కనిపించిన జీవి అది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్ళేమో ఒక్కొక్కటి ఒక్కో జంతువుది, నాలుగో కాలి చోట మనిషి చెయ్యి. ముక్కల్లో రాజు స్థానం నవగుంజరానిది, మంత్రి స్థానం అర్జునుడిది. టోక్యోలో బొమ్మలు వేసేవాళ్ళు ఇది చూస్తే దండం పెడతారు.

మరి ఇంత గొప్ప ముక్కలు ఏమయ్యాయి? బొమ్మలు వేసే చేతులు పోయాయని అంటారు. నేనలా అనుకోను. చేతులు సావంత్‌వాడిలో ఉన్నాయి, మైసూరులో ఉన్నాయి. అందమైన పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు, కొన్నవాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకుంటున్నారు. పోయింది ఆడేవాళ్ళు. అచ్చులో వచ్చిన విలాయతీ పేక చవకగా దొరికింది, యాభై రెండు ముక్కలు గుర్తుపెట్టుకోవడం నూట ఇరవైకంటే సులువు. ఆడే ఇల్లు లేకపోతే నొస్సంలో వేసేవాడు ఎవరికని వేస్తాడు? పోకెమాన్ వాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బొమ్మతో పాటు ఆటను, పోటీలను, నియమాల పుస్తకాన్ని పోషిస్తూ వచ్చారు. మన హస్తకళల వాళ్ళు బొమ్మను కాపాడటానికి చేసే ప్రయత్నంలో పదో వంతు ఆటకు చేస్తే బాగుండేది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రేణిగుంట ఎక్కడుంది? ఒక పక్క తిరుపతి, ఇంకో పక్క శ్రీకాళహస్తి. ఇటు విష్ణువు, అటు శివుడు. మన పిల్లలు పుట్టింది వింత జీవుల సంతలో. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఏ రోజు ఏ వాహనమో చిన్న పిల్లలు కూడా వరసగా చెబుతారు. పెద్దశేషుడు, చిన్నశేషుడు, హంస, సింహం, అయిదో రోజు రాత్రి గరుడుడు. ఏది అరుదైన కార్డో ఆ గరుడసేవ జనమే చెబుతారు. కాళహస్తి శివరాత్రి ఉత్సవాలకు పోతే యాళి కనిపిస్తుంది. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, గుడ్లురిమే కళ్ళు. విజయనగరం నాటి మంటపం ఎక్కడున్నా స్తంభానికొక యాళి లేచి నిలబడి ఉంటుంది. మనం దాన్ని దాటుకుని క్యూలోకి పోతాం.

1529లో అచ్యుతరాయలు విజయనగరానికి రాజయ్యాడు. ఆయన పట్టాభిషేకం తిరుమలలోనూ కాళహస్తిలోనూ జరిగిందని చెబుతారు. అంటే మన పొలిమేరల మీదుగానే తిరిగి ఉంటాడు. ఆయన వేయించిన బంగారు నాణెం మీద గండభేరుండం ఉంది. రెండు తలల పక్షి, ముక్కులతో, గోళ్ళతో ఏనుగుల్ని పట్టుకుని ఎగురుతుంది. చిటికెన వేలి గోరంత బంగారం మీద అంత బొమ్మ! ఏనుగును తన్నుకుపోయే పక్షి ఎంత ఉండాలో లెక్కేసుకోండి. చారిజార్డ్ కొలతలు రాసినవాడికి ఇది చూపిస్తే ఎన్ని పౌండ్లు రాస్తాడో!

దీని వెనకున్న కథ ఇంకా రుచిగా ఉంటుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుడి ఉగ్రం చల్లారలేదు. అప్పుడు శివుడు శరభ రూపమెత్తి ఆయన్ని అణచాడని శైవ పురాణాలు చెబుతాయి. శరభం సగం సింహం, సగం పక్షి, ఎనిమిది కాళ్ళు. వైష్ణవులు ఊరుకుంటారా? నరసింహుడే గండభేరుండమై శరభాన్ని పట్టాడని వాళ్ళ కథ. నరసింహుడి మీద శరభం, శరభం మీద గండభేరుండం. చారిజార్డ్, బ్లాస్టాయిస్, పికాచు గొలుసు ఇదే కదా! పందెం ఎవరు గెలుస్తారంటే మీరు ఏ బస్సెక్కారో దాన్ని బట్టి ఉంటుంది. రేణిగుంటలో నిలబడినవాడికి రెండు బస్సులూ దొరుకుతాయి.

దేవుళ్ళను ముక్కల మీద వేసి నేలకేసి కొట్టడమా అని ఎవరైనా అడగొచ్చు. గంజీఫాలో వేశారు, నిజమే. కానీ ఆ ముక్కలు పెట్టెలోంచి తీసి చాప మీద ఆడేవి. అరచేత్తో చరిచి తిప్పే ముక్క మీద నరసింహుడు వద్దనే నేనూ అంటాను. యాళి, మకరం, శరభం, గండభేరుండం, హంస చాలు. కాళహస్తిలో కలం పట్టి కలంకారీ వేసేవాళ్ళు ఉన్నారు, బొమ్మకు కొదవ లేదు. బొమ్మకంటే ముందు నియమాలు రాయండి. నియమాలు రాసే పని పిల్లలకే ఇవ్వండి. యాళికి ఎన్ని పాయింట్లని అడగకండి, దేనికి లొంగుతుందో అడగండి. యాళికి జవాబు దొరకదు, ఎందుకంటే స్తంభాల మీద అది ఎప్పుడూ గెలుస్తూనే కనిపిస్తుంది. అప్పుడు వాళ్ళే ఏదో కల్పిస్తారు, దెబ్బలాడుకుంటారు.

కాళహస్తి కథ మాత్రం ఆటకు తయారుగా ఉంది. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, మూడూ శివలింగాన్ని కొలిచినవే. సాలీడు గూడు దీపం మంటకు కాలింది, కాబట్టి బలహీనత నిప్పు. పాము పెట్టిన మణుల్ని ఏనుగు తోసేసింది, ఏనుగు పెట్టిన ఆకుల్ని పాము చూడలేకపోయింది. పాము తొండంలో దూరింది. ఏనుగు తొండాన్ని రాతికేసి కొట్టింది. రెండూ పోయాయి. పోకెమాన్ మొదటి సెట్టులో మాగ్నెటాన్ అని ఒక కార్డుంది. దాని దెబ్బ ఎదుటివాడికి ఎనభై, తనకూ ఎనభై. పాము కార్డు మీద, ఏనుగు కార్డు మీద ఆ నియమం అచ్చంగా దించేయొచ్చు. సాలీడుకు హెచ్‌పీ ఎంత వేయాలనే దాని దగ్గరే గొడవ వస్తుంది. ఒకడు పది అంటాడు, ఇంకొకడు ఊరి పేరులో ముందున్నది అదేగా, మూడొందలు వెయ్ అంటాడు.